యూనివర్సిటీ వల్ల ఊరికేంటి?

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు యూనివర్సిటీలు ఆలస్యంగా వచ్చాయి. శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలో చాలాకాలం ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రమే. 2008లో అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. అక్కడి నుంచి వరస మొదలైంది. 2016లో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ, 2017లో నెల్లిమర్ల మండలంలో ప్రైవేటు యూనివర్సిటీ సెంచూరియన్, 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీ స్థాయి పెరిగి జేఎన్‌టీయూ గురజాడ. పదిహేనేళ్లలో ఇన్ని రావడం చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత శ్రీకాకుళంలో 62 శాతానికి, విజయనగరంలో 59 శాతానికి దగ్గర్లో ఉంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వరకు చూస్తే విజయనగరానిది అప్పట్లో ఆఖరి స్థానం.

వీటిలో సీటొచ్చిన పిల్లలకు మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. ప్రశ్న మిగతావాళ్లది. కవిటిలో నాలుగు కొబ్బరిచెట్లున్న రైతు, సీతంపేట కొండ మీది సవర కుటుంబం, భావనపాడు తీరంలో బోటు లేక గుజరాత్ వలస పోయే మత్స్యకారుడు. వీళ్ల ఇళ్లలో ఎవరూ ఆ గేటు దాటి లోపలికి వెళ్లలేదనుకోండి. యూనివర్సిటీ ఉన్నదానికీ లేనిదానికీ వాళ్ల బతుకులో తేడా ఏమిటి? జీతాలూ భవనాలూ నడిచేది ప్రజల డబ్బుతోనే కాబట్టి అడగాల్సిన ప్రశ్నే ఇది.

దీనికి తయారుగా ఉండే జవాబు: చదువు చెప్పడం, పరిశోధన చేయడం, ఈ రెండిటితో పాటు సమాజసేవ కూడా యూనివర్సిటీ బాధ్యతే. ఏ యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిచినా ఈ మాట ఉంటుంది. చిక్కంతా ఆ 'కూడా'లో ఉంది. మూడోదాన్ని మొదటి రెండిటికీ బయట, ఖాళీ దొరికినప్పుడు చేసే పుణ్యకార్యంలా చూసినంతకాలం అది బ్యానర్లూ ఫొటోలూ దాటి పోదు. ఊరి ప్రశ్న క్లాసులోకీ ల్యాబులోకీ వెళ్లి, జవాబు తిరిగి ఊరికి చేరితేనే దానికి అర్థం. ఈ రెండు జిల్లాల్లో అలా జరిగిన చోటూ ఉంది, జరగని చోటూ ఉంది. రెండూ చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

ఎక్కడి ఆలోచన ఇది?

కొత్తదేమీ కాదు. అమెరికాలో 1862లో మోరిల్ చట్టం చేసి, రాష్ట్రాలకు ప్రభుత్వ భూములిచ్చి, వాటి మీద వచ్చే డబ్బుతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టించారు. 1887లో వాటికి పరిశోధన కేంద్రాలు తోడయ్యాయి. కాలేజీలో తేల్చిన విషయం పొలానికి చేరడం లేదని గ్రహించి 1914లో మరో చట్టం తెచ్చారు. రైతుల దగ్గరికి వెళ్లడమే పనిగా ఉండే ఉద్యోగులను యూనివర్సిటీ తరఫున ప్రతి కౌంటీలో పెట్టారు. మొదటి చట్టానికీ దీనికీ మధ్య యాభై ఏళ్లు పైనే గడిచాయి. అంటే జ్ఞానం దానంతటదే ఊళ్లోకి నడిచి వస్తుందన్న నమ్మకం పోవడానికి వాళ్లకే అంత కాలం పట్టింది.

మన దేశంలో 1969లో గాంధీ శతజయంతి సందర్భంగా 37 యూనివర్సిటీల్లో జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, మొదలైంది. 1977–78 నాటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, ఇంకో అడుగు వేసి, బోధన, పరిశోధనలతో సమానమైన హోదా విస్తరణకు, అంటే తెలిసినదాన్ని జనం దగ్గరికి చేర్చే పనికి, ఇవ్వాలని తన విధాన పత్రంలో రాసింది. సమాన హోదా అన్నమాట గుర్తుంచుకోండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

వ్యవసాయంలో మాత్రం కథ వేరేగా నడిచింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సహకారం ఉంది. ప్రభుత్వ భూములిచ్చి పెట్టించిన ఆ అమెరికా కాలేజీల పద్ధతే ఇక్కడికి వచ్చింది. పాఠం, ప్రయోగం, విస్తరణ, మూడూ ఒకే సంస్థలో, మూడింటికీ విడివిడిగా మనుషులూ పద్దులూ. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉంది.

రాగోలు ఏం చేసింది?

శ్రీకాకుళం పట్టణం పక్కనే రాగోలులో ఈ యూనివర్సిటీ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన ఆర్‌జీఎల్ 2537 అనే వరి రకాన్ని జనం శ్రీకాకుళం సన్నాలు అంటారు. విజయనగరం పరిశోధన కేంద్రానిది చోడి పంట. మిగతా రాష్ట్రానికి రాగులు, మనకు చోళ్లు. అక్కడి శాస్త్రవేత్తలు తెచ్చిన రకాల పేర్లు చదివితే జిల్లా నదుల పటం చూసినట్టుంటుంది: చంపావతి, వేగావతి, సువర్ణముఖి. వీటిలో వేగావతి, అంటే వీఆర్ 929, మామూలు రకాల కంటే గింజలో ఇనుము బాగా ఎక్కువగా ఉండేలా ఎంపిక చేసింది. రక్తహీనత ఎక్కువగా ఉన్న ఏజెన్సీ ఆడవాళ్లు రోజూ తాగే అంబలి దృష్ట్యా చూస్తే ఇది మామూలు విషయం కాదు.

ఒక రకం రైతు చేతికి ఎలా వస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు అందులోనే ఉంది. కేంద్రంలో మడుల్లో బాగా వచ్చిందని వెంటనే విడుదల చేయరు. ముందు వేర్వేరు కేంద్రాల్లో వేసి చూస్తారు. తర్వాత మినీకిట్ అని చిన్న విత్తన సంచి రైతుకిచ్చి, ఆయన పొలంలో, ఆయన పద్ధతిలో, ఆయన ఇప్పటికే వేస్తున్న రకం పక్కనే వేయిస్తారు. ఒక ఏడాదితో ఆగరు. దిగుబడి తూకం వేసుకోవడం ఒక్కటే కాదు, రైతు ఏమంటున్నాడో కూడా రాసుకుంటారు. పడిపోతోందా, అన్నం మెతకవుతోందా, గడ్డి పశువులు తింటున్నాయా, మిల్లులో నూక ఎంత పోతోంది. ల్యాబులో తట్టని ప్రశ్నలివి. కేంద్రంలో గొప్పగా కనిపించిన రకాలు కొన్ని ఇక్కడే ఆగిపోతాయి. అంటే రైతుకు కాదనే హక్కు ఉంది, ఆ కాదన్నమాట వెనక్కి వెళ్లి శాస్త్రవేత్త పనిని మారుస్తుంది.

దీనికి తోడు కృషి విజ్ఞాన కేంద్రాలు. దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. మన వైపు ఆమదాలవలసలో ఒకటి, కురుపాం దగ్గర రస్తాకుంటుబాయిలో ఇంకొకటి ఉన్నాయి. ఇక్కడ పనిచేసేవాళ్లకు విస్తరణ అదనపు పని కాదు, ఉద్యోగమే అది. డబ్బు కేంద్ర ప్రభుత్వం నుంచి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ద్వారా వస్తుంది. ఏటా సలహా సంఘం కూర్చుంటుంది, అందులో రైతులూ ఉంటారు. ఏం ప్రయోగాలు చేశారు, ఏం తేలింది, వచ్చే ఏడు ఏం చేస్తారు అని అక్కడ చెప్పుకోవాలి.

ఇదంతా సజావుగా సాగిపోతోందని నేననడం లేదు. కొన్ని చోట్ల పోస్టులు ఖాళీ, కౌలు రైతుకు మినీకిట్ చేరేది తక్కువ. మందుల షాపువాడి సలహా శాస్త్రవేత్త సలహా కంటే ముందే అందుతుంది. అయినా ఇదొక వ్యవస్థ. మనిషి మారినా పని ఆగదు. రైతుకు ఎవరిని అడగాలో తెలుసు, ఎక్కడికి వెళ్లాలో తెలుసు.

ఉద్దానంలో ఏం కాలేదు?

శ్రీకాకుళం జిల్లాలోనే ఉత్తరానికి వెళితే ఇచ్ఛాపురం నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. ఇక్కడ రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీలు పాడైపోతున్నాయి. మామూలుగా కిడ్నీ జబ్బుకు కారణమయ్యే షుగరు, బీపీ లేనివాళ్లకు, పొలం పనికీ కూలికీ వెళ్లేవాళ్లకు, పైకి ఏ లక్షణమూ కనబడకుండా నెమ్మదిగా వస్తుంది. తెలిసేసరికి చివరి దశ. శ్రీలంకలోని వరి ప్రాంతంలో, మధ్య అమెరికాలోని చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కష్టం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అనుమానితుల జాబితా పెద్దది. ఫలానాదే అని ఇప్పటికీ తేలలేదు. బహుశా ఒకటి కాదు, కొన్ని కలిసి చేస్తున్న పని కావచ్చని చాలామంది వైద్యుల అభిప్రాయం.

ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు వచ్చారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వచ్చింది, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వచ్చింది, 2017లో హార్వర్డ్ నుంచి కూడా వచ్చారు. రక్తం తీశారు, నీళ్లు పట్టుకెళ్లారు, ప్రశ్నలు రాసుకున్నారు. పరిశోధనగా వీటి విలువను తక్కువ చేయలేం. తేలలేదు అని చెప్పడానికి కూడా ఏళ్ల పని కావాలి. కానీ ఊళ్లో కూర్చుని చూస్తే ఇది ఆకు వేసి, వడ్డించకుండానే లేపేసినట్టు ఉంటుంది. నమూనా ఇచ్చిన మనిషికి తన క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే అంకె, ఎంతో చెప్పారా? ఆ ఊరి బోరు నీళ్లలో ఏం దొరికింది, ఏం దొరకలేదు అని తెలుగులో ఒక కాగితమైనా పంచాయతీ గోడకు అతికించారా? వ్యాసం ఇంగ్లీషులో ఏదో జర్నల్లో వస్తుంది. ఊరికి మిగిలేది వదంతి. ఒకరు నీళ్లంటారు, ఒకరు జన్యువులంటారు. జన్యువులన్న మాట పెళ్లి సంబంధాల దాకా వెళ్లి దెబ్బ కొడుతుంది. ఊరి పేరు చెబితేనే సంబంధం వెనక్కిపోతోందన్న బాధ ఉద్దానంలో ఏ ఇంట్లో కూర్చున్నా వినబడుతుంది. పరిశోధన ఫలితాన్ని ఊరికి సరిగ్గా చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇంత నిజమైనది.

ప్రభుత్వం తన వంతు కొంత చేసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. మరి మెడికల్ కాలేజీ లేని ఎచ్చెర్ల యూనివర్సిటీకి ఇందులో పనేమిటి అని అడగవచ్చు. చాలా ఉంది. పైపు నీళ్లొచ్చాక ఎన్ని ఇళ్లు బోరు మానేశాయి, ఎందుకు మానలేదు? వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి, తోడు వెళ్లే మనిషికి పోయే కూలి ఎంత? పెన్షన్ అందనివాళ్లకు ఏ కాగితం దగ్గర ఆగుతోంది? ఇవి అర్థశాస్త్రం, సోషల్ వర్క్, న్యాయశాస్త్రం విద్యార్థుల ప్రశ్నలు. అన్నిటికీ మించి, ఇన్నేళ్లుగా ఎవరెవరు ఏం పరీక్షించారో, ఏం తేల్చారో అంతా ఒకచోట చేర్చి, తెలుగులో, ఊరివాళ్లు అడిగితే చూపించగలిగేలా ఉంచడం. దానికి హార్వర్డ్ అక్కర్లేదు. ఎచ్చెర్ల నుంచి పలాసకు హైవే మీద గంటన్నర ప్రయాణం.

సేవ పేరుతో నడిచేవి

కాలేజీల్లో నడిచే వాటిని కూడా చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్‌లో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఒక ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. క్యాంపు వల్ల పిల్లలకు ఊరు తెలుస్తుంది, అది చిన్న లాభం కాదు. నాకు తెలిసిన మంచి టీచర్లలో చాలామంది ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుల్లో తయారైనవాళ్లే. ఊరికి మాత్రం ఊడ్చిన వీధులు, ఒక ర్యాలీ, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం మిగులుతాయి. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ ప్రకారం సంస్థ కనీసం ఐదు ఊళ్లను దత్తత తీసుకోవాలి. దత్తత అయిందని ఆ ఊళ్లలో ఎంతమందికి తెలుసో అడిగి చూడవచ్చు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చే ముందు జియోట్యాగ్ ఫొటోల కోసం జరిగే హడావిడి కాలేజీల్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైంది మన రాష్ట్రంలోనే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2020–21 నుంచి డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. 180 గంటలు, దానికి క్రెడిట్లు. ఒక ఊరు లేదా వార్డు తీసుకోవాలి, ఇల్లిల్లూ తిరిగి సామాజిక ఆర్థిక సర్వే చేయాలి, ఒక సమస్య ఎంచుకుని అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. వేరే రాష్ట్రాల్లో యూనివర్సిటీ ఊరికి వెళ్లాలంటే బస్సు కట్టుకుని వెళ్లాలి. ఇక్కడ విద్యార్థి ఊళ్లోనే ఉంటాడు. పాతపట్నంలోనో సాలూరులోనో డిగ్రీ చదివే అమ్మాయి సర్వే చేసేది తన వీధినే. అడిగేది పిన్నినీ పెదనాన్ననీ. నిజం రాబట్టడానికి ఆమెకున్న వీలు ఏ ప్రొఫెసరుకూ ఉండదు.

అంత మంచి ఏర్పాటు ఎక్కడ జారిపోతోంది? రిపోర్టు కాలేజీకి చేరాక. మార్కులు పడతాయి, కట్టలు బీరువాలో పడతాయి. వచ్చే ఏడు ఇంకో బ్యాచ్ వచ్చి అవే ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ రిపోర్టులు దొరుకుతాయని కూడా వింటుంటాం. దొరకవా మరి, చదివేవాడు లేని కాగితం ఎవరు రాసినా ఒకటే. ఊళ్లో జనానికి విసుగొస్తుంది. "ఏటి పాపా, మల్లీ రాసుకోడానికొచ్చినారేటి? నిరుడు రాసుకున్నదేటైనాది?" అని ఒక ముసలమ్మ అడిగితే ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. ఆమె తప్పు కాదది.

రాగోలులో మినీకిట్ వేసిన రైతు మాట వెనక్కి వెళ్లి ప్రయోగాన్ని మారుస్తుంది. ఇక్కడ సర్వేలో ముసలమ్మ చెప్పిన మాట బీరువా దాటదు. రెండిటిలోనూ జనాన్ని అడుగుతారు, రెండిటిలోనూ రాసుకుంటారు. రాసుకున్న తర్వాత ఆ కాగితానికి జవాబుదారీ ఎవరన్న దగ్గరే దారులు విడిపోతాయి.

మాస్టార్ల లెక్క

ఇందులో అధ్యాపకులను తిట్టి లాభం లేదు. వాళ్ల ప్రమోషన్ ఎలా లెక్కిస్తారో చూడండి. యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధనకు పాయింట్ల పట్టిక ఉంది. గుర్తింపు ఉన్న జర్నల్లో ఒక పేపరుకు సైన్సు వాళ్లకు 8, ఆర్ట్స్ వాళ్లకు 10. విధాన పత్రం రాసి అంతర్జాతీయ సంస్థకిస్తే 10, కేంద్రానికిస్తే 7, రాష్ట్రానికిస్తే 4. అక్కడితో ఆ వరస ఆగిపోయింది. కంచిలి మండలంలో ఒక పంచాయతీకి బోరు నీళ్ల మీద నివేదిక ఇస్తే దానికి గడి లేదు. విస్తరణ ఎక్కడుందంటే, పరీక్షల డ్యూటీ, పరిపాలన పనులు, ఇంకా కొన్నిటితో కలిపి ఒక జాబితాలో ఒక అంశంగా ఉంది. వాటిలో మూడు చేస్తే చాలు. పరీక్షల డ్యూటీ ఎలాగూ తప్పదు కాబట్టి ఊరికి వెళ్లకుండానే ఆ మూడూ పూర్తవుతాయి. 1977లో చెప్పిన సమాన హోదా నలభై ఏళ్లకు ఈ రూపంలో తేలింది.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో ఈ పాయింట్లు తీసేసి, గణనీయమైన కృషి అని తొమ్మిది అంశాలు పెట్టారు. అందులో సమాజంతో కలిసి పనిచేయడం ఒకటి, భారతీయ భాషల్లో బోధన ఇంకొకటి. ఆ దిశ మంచిదే. కాకపోతే కొలిచేది ఎవరు, దేన్ని చూసి అన్నది తేలకపోతే పేపర్ల బదులు ఫొటోల లెక్క వస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ పోస్టులు నింపకపోవడం వీటన్నిటికీ పైన. ఏడాదికేడాది కాంట్రాక్టు పొడిగింపు కోసం టెన్షన్ పడే గెస్టు లెక్చరర్ ఒక ఊరితో ఐదేళ్ల సంబంధం పెట్టుకోగలడా?

సాక్షిగా నిలబడటం

సేవ అంటే మందులు పంచడం, మొక్కలు నాటడం అనుకుంటాం గానీ యూనివర్సిటీ మాత్రమే చేయగల సేవ ఒకటుంది. తగాదాలో ఉన్న విషయం మీద, ఎవరి జీతగాడూ కాకుండా, తెలిసింది తెలిసినట్టు చెప్పడం. ఈ రెండు జిల్లాలకు దాని అవసరం చాలా ఉంది.

సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, సంగతే తీసుకుందాం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదించినప్పుడు కాగితాల్లో అది పనికిరాని భూమి. జనానికి అది తంపర, అంటే చేపలు, తుంగ, ఎత్తిపోతల నీళ్లు, పశువుల మేత. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఏడెనిమిది నెలలకే ఇలాంటి ఇంకో ప్రాజెక్టు దగ్గర, కాకరాపల్లిలో, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. బీలలో ఏ కాలంలో ఎంత నీరుంటుంది, ఎన్ని కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, ఏ పక్షులు వస్తాయి అన్న లెక్కలు అంతకుముందే, గొడవ లేనప్పుడే, జిల్లాలోని ఒక జంతుశాస్త్ర విభాగం దగ్గరో భూగోళ విభాగం దగ్గరో ఉండి ఉంటే ఆ మాటలకు వేరే బరువు ఉండేది.

ఇప్పటికీ ఇలాంటివి వరసగా ఉన్నాయి. కొవ్వాడ అణు విద్యుత్ ప్రతిపాదన ఎచ్చెర్లకు పక్క మండలంలోనే. పైడిభీమవరం మందుల కంపెనీలు అక్కడే. మూలపేట ఓడరేవు, భోగాపురం విమానాశ్రయం. పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. వందల పేజీల అసలు నివేదిక మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. దాన్ని చదివి, ఇందులో భూగర్భ జలాల గురించి ఇలా రాశారు, ఈ అంకె ఎక్కడిదో చెప్పలేదు అని ఊళ్లో కూర్చుని వివరించగలిగేవాళ్లు యూనివర్సిటీలో ఉన్నారు. ప్రాజెక్టు వద్దనో కావాలనో చెప్పడం వాళ్ల పని కాదు. జనం తమ నిర్ణయం తాము చెప్పుకోవడానికి కావలసిన సమాచారం ఇవ్వడం వాళ్ల పని.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. కెమిస్ట్రీ పీజీ చేసిన పిల్లలకు ఉద్యోగాలిచ్చేవి ఆ పక్కనున్న కంపెనీలే. వైస్ చాన్సలర్‌ను వేసేది ప్రభుత్వం. ప్రాజెక్టు తెచ్చేదీ ప్రభుత్వమే. ఒక యువ అధ్యాపకుడు బావి నీళ్లు పరీక్షించి ఫలితం బయటపెడితే అతని వెనక ఎవరు నిలబడతారు? అందుకే ఇది వ్యక్తి తెగువకు వదలకూడని పని. ఫలానా గ్రామాల్లో ఫలానా బావుల నీళ్లు ఏటా రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా పరీక్షించి ఫలితాలు పెడతాం అని విభాగమే మామూలు పాఠ్యప్రణాళికలో, ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో భాగం చేస్తే అది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పిల్లలకు ప్రాక్టికల్, ఊరికి రికార్డు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటాయా, ఫ్లోరైడ్ ఎంతుంది అన్నవి డిగ్రీ ల్యాబులో కూడా చూడగలిగినవే. పదేళ్లు పోగుపడితే ఆ రికార్డుకు ఏ నిపుణుల కమిటీ నివేదికకూ లేని విలువ వస్తుంది.

గిడుగు చేసిన పని

పరిశోధన వేరు, సేవ వేరు అనుకోని మనిషి ఒకాయన ఈ నేల మీదే పుట్టాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో టీచరు. ఏ యూనివర్సిటీ పదవీ లేదు. కొండల నుంచి దిగివచ్చే సవరల మాట అర్థం కాక, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాంతో ముందు చేసినవి సవర పిల్లలకు వాచకాలు, పాటల పుస్తకాలు. సవర భాషా వ్యాకరణం అచ్చయింది 1931లో. ప్రభుత్వం ఆయన కృషికి డబ్బు ఇవ్వబోతే, దాంతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నాడని చెబుతారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన్ని తెలుగువాళ్లందరూ తలుచుకుంటారు గానీ సవర పని ఇంకా పెద్దదనిపిస్తుంది నాకు.

కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి ఇంతకంటే దగ్గరి నమూనా దొరకదు. విజయనగరం పక్కన కొండకరకంలో, పాత ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అది మొదలైంది. శాశ్వత ప్రాంగణానికి మొదట కొత్తవలస మండలం రెల్లి అనుకున్నారు, తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు మార్చి 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. గిరిజన భాషలు, కళలు, ఆచారాల మీద ప్రత్యేక శ్రద్ధ ఆ యూనివర్సిటీ పని అని చట్టమే చెబుతోంది. అంగన్‌వాడీకి వెళ్లే సవర పిల్ల మొదటి రోజు వినేది తనకు రాని తెలుగు. ఆ అంగన్‌వాడీ కార్యకర్తకు, పీహెచ్‌సీ నర్సుకు రెండు వారాల సవర భాష శిక్షణ ఇచ్చినా సీతంపేట కొండల మీద తేడా కనబడుతుంది. అటవీ హక్కుల పట్టా దరఖాస్తు ఎక్కడ ఆగిందో చూసి చెప్పే కేంద్రం ఒకటి నడిపినా అంతే.

ఖర్చు లేని పనులు కూడా కొన్నున్నాయి. హాస్టల్ మెస్‌కు చోళ్లు, కందులు జిల్లా రైతు సంఘాల దగ్గరే కొనడం. సాయంత్రాలు లైబ్రరీ పక్క ఊరి పిల్లలకు తెరవడం. చెప్పుకోవడానికి పెద్ద పనులు కావు, అందుకే కాబోలు జరగవు.

వచ్చే వేసవి

మళ్లీ ఆ డిగ్రీ పిల్లల ప్రాజెక్టు దగ్గరికే వస్తాను, ఎందుకంటే దానికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త నిధీ అక్కర్లేదు. ఒక కాలేజీ పది ఊళ్లను ఎంచుకుని ఐదేళ్లపాటు వాటినే పట్టుకుంటే చాలు. మొదటి బ్యాచ్ ఇళ్ల లెక్క, నీళ్ల లెక్క తీస్తుంది. రెండో బ్యాచ్ మొదటివాళ్ల రిపోర్టు చదివి, మిగిలినది అడుగుతుంది. మూడో ఏడు వలస వెళ్లినవాళ్ల గురించి తీయవచ్చు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. అలాంటప్పుడు ఏ ఊరి నుంచి ఎవరు, ఏ బోటు మీద, ఎక్కడికి వెళ్లారన్న చిట్టా తీరప్రాంత పంచాయతీలకు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. తితిలీ లాంటి తుపాను తర్వాత పరిహారం లెక్కలో ఎన్ని కొబ్బరిచెట్లు, ఎన్ని జీడిచెట్లు అన్న తగాదాకు కూడా ముందే ఉన్న ఊరి రికార్డు పనికొస్తుంది.

వేసవిలో సర్వే అయితే జులై చివరికి రిపోర్టు సిద్ధమవుతుంది. ఆగస్టు 15న గ్రామసభ ఉంటుంది. ఆ సభలో విద్యార్థి పది నిమిషాలు నిలబడి, మీరు చెప్పినవి ఇవి, మేం తేల్చినవి ఇవి, తెలియనివి ఇవి అని తెలుగులో చదివితేనే మార్కులు పడతాయని నియమం పెట్టవచ్చు. సర్పంచి సంతకం కంటే సభలో జనం అడిగే ప్రశ్నలు గట్టి పరీక్ష. తప్పు లెక్క చదివితే అక్కడే ఎవరో ఒకరు లేచి సరిచేస్తారు. ఆ కాగితం ఒక కాపీ పంచాయతీలో, ఒకటి కాలేజీ లైబ్రరీలో, ఒకటి ఎచ్చెర్లలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో సంబంధిత విభాగంలో ఉండాలి. ఆ విభాగంలో దాన్ని చదివే మనిషి ఒకరుండాలి, ఆ పని వాళ్ల ఉద్యోగ బాధ్యతల్లో రాసి ఉండాలి.